డౌన్ సిండ్రోమ్: తల్లి వయసు, పరిసరాలు, పల్నాటి ప్రశ్నలు

డౌన్ సిండ్రోమ్‌కు మూలం 21వ నంబరు క్రోమోజోమ్ ఒకటి అదనంగా ఉండటం. మనిషి కణంలో 46 క్రోమోజోములు ఉండాలి. ఈ స్థితి ఉన్న పిల్లల్లో అత్యధికులకు 47 ఉంటాయి. వీరి ముఖకవళికలను, ఎదుగుదలలోని ఆలస్యాన్ని ఇంగ్లండ్ వైద్యుడు జాన్ లాంగ్‌డన్ డౌన్ 1866లో వర్ణించాడు. కారణం తెలియడానికి మరో తొంభై మూడేళ్లు పట్టింది. 1959లో పారిస్‌లో జెరోమ్ లెజ్యూన్, మార్త్ గోతియే, రేమండ్ తుర్పాన్ ఆ అదనపు క్రోమోజోమ్‌ను గుర్తించి ప్రకటించారు.

ముంబై, ఢిల్లీ, బరోడాల్లో 94,610 మంది నవజాత శిశువులను పరీక్షించిన భారతీయ అధ్యయనంలో సగటున 1,150 కాన్పులకు ఒక బిడ్డ ఈ స్థితితో పుట్టినట్టు తేలింది. 2022 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లా నుంచి విడివడి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో 2011 జనగణన ప్రకారం జనం 20 లక్షల పైచిలుకు. వెయ్యి జనాభాకు ఏడాదికి 15 కాన్పులు అనుకుంటే 30 వేల కాన్పులవుతాయి. పై నిష్పత్తి ఇక్కడికీ వర్తిస్తే ఏటా సుమారు పాతిక మంది పిల్లలు. మాచర్ల నుంచి చిలకలూరిపేట దాకా ఏటా పాతిక ఇళ్లలో ‘మాకే ఎందుకిలా?’ అన్న ప్రశ్న పుడుతుందన్నమాట. మేనరికం, గ్రహణం, మందు కొట్టిన చేలో పని, ఫ్లోరైడ్ నీళ్లు, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము, తల్లి కడుపుతో ఉండగా వేసుకున్న మాత్ర అంటూ ఊళ్లో తలా ఒక జవాబు చెబుతారు. ఎవరు ఏ జవాబు చెప్పినా నింద చివరికి తల్లి మీదకే వస్తుంది. అందుకే వీటిలో ఏది రుజువైందో, ఏది అనుమానంగానే మిగిలిందో, ఏది పూర్తిగా తప్పో విడదీసి చూడటం అవసరం.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఆ పొరపాటు ఎప్పుడు జరుగుతుందన్నది. ఆడపిల్ల అండాలు ఆమె పెద్దయ్యాక తయారయ్యేవి కావు. ఆమె తన తల్లి కడుపులో ఉండగానే అవి ఏర్పడి, క్షయకరణ విభజన మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోతాయి. ఆగేముందు జతలోని రెండు క్రోమోజోములు కొన్ని ముక్కలను పరస్పరం మార్చుకుంటాయి. దీన్నే వినిమయం అంటారు. ఆ తర్వాత ఇరవై, ముప్పై, నలభై ఏళ్లపాటు అండం అదే దశలో నిలిచి ఉంటుంది. ఏ నెలలో ఆ అండం విడుదల కావాలో, ఆ విడుదలకు కొద్ది గంటల ముందు మాత్రమే మొదటి విభజన పూర్తవుతుంది. రెండో విభజన పూర్తయ్యేది వీర్యకణం చేరాకే. ఈ రెండు విభజనల్లో ఏదో ఒకదానిలో 21వ క్రోమోజోముల జత విడిపోకపోతే అండంలోకి ఒకటికి బదులు రెండు చేరతాయి. అదనపు క్రోమోజోమ్ సుమారు 90 శాతం సందర్భాల్లో తల్లి వైపు నుంచే వస్తుంది. అందులో మూడొంతులకు పైగా మొదటి విభజనలో జరిగే పొరపాటే.

ఈ కాలక్రమం తెలిస్తే ఎన్నో అపవాదులు వాటంతటవే రాలిపోతాయి. గర్భం నిలిచేనాటికే క్రోమోజోముల లెక్క తేలిపోతుంది. కాబట్టి మూడో నెలలో వచ్చిన జ్వరం, ఐదో నెలలో తీయించిన స్కాన్, ఏడో నెలలో పట్టిన గ్రహణం, తిన్న బొప్పాయి, మోసిన బిందె, వీటిలో ఏదీ డౌన్ సిండ్రోమ్‌ను తేలేదు. నూటికి ఒకటి రెండు సందర్భాల్లో మాత్రం కొన్ని కణాల్లోనే అదనపు క్రోమోజోమ్ ఉంటుంది. వీరిని మొజాయిక్ అంటారు. అక్కడ కూడా పొరపాటు ఫలదీకరణ తర్వాతి తొలి కణ విభజనల్లో జరిగేదే, ఆ తర్వాత వచ్చేది కాదు.

తల్లి వయసుకు ఉన్న పాత్ర మీద ఎవరికీ సందేహం లేదు. 1933లో లయొనెల్ పెన్‌రోజ్ ఇంగ్లండ్ కుటుంబాల లెక్కలు తీసి, తండ్రి వయసు, కాన్పుల వరుస ఈ రెంటినీ పక్కకు తప్పించి, అసలు కారకం తల్లి వయసేనని చూపాడు. క్రోమోజోముల సంగతి తెలియని రోజుల్లో, కేవలం గణితంతో సాధించిన ఫలితమది. తర్వాత ప్రపంచమంతటా వచ్చిన లెక్కలు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. ఇరవై ఏళ్ల తల్లికి సుమారు 1,500 కాన్పులకు ఒకటి, ముప్పైకి 900కు ఒకటి, ముప్పై అయిదుకు 350కి ఒకటి, నలభైకి 100కు ఒకటి, నలభై అయిదుకు 30కి ఒకటి. ముప్పై అయిదు దాటాక గ్రాఫు గీత నిటారుగా లేస్తుంది.

వయసు అండాన్ని ఎలా దెబ్బతీస్తుందో ఇప్పుడు చాలావరకు అర్థమైంది. జత క్రోమోజోములను పట్టి ఉంచేది కోహెసిన్ అనే ప్రొటీన్ల సముదాయం. అండం పుట్టుకతో వచ్చిన ఈ కట్టు ఏళ్లు గడిచేకొద్దీ తరిగిపోతుంది. కట్టిన తాడు పాతబడితే మోపు సడలినట్టే జత ముందుగానే సడలి, విభజన వేళ తప్పుడు వైపుకు జరుగుతుంది. ఇందులో లెక్కకొచ్చేది అండం వయసు మాత్రమే, గర్భసంచి వయసు కాదు. 2019లో గుంటూరులో డెబ్బై ఏళ్లు దాటిన ఒక మహిళ దాత అండంతో, ఐవీఎఫ్ పద్ధతిలో కవల ఆడపిల్లలను కన్నప్పుడు దేశమంతా చర్చ జరిగింది. అంత వయసులో గర్భం ధరించడంలో తల్లికి ఉండే ప్రమాదాలు వేరు. పిల్లలకు డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం మాత్రం ఆమె వయసును బట్టి కాక, అండం ఇచ్చిన యువతి వయసును బట్టి ఉంటుంది. సంతాన సాఫల్య కేంద్రాలకు వెళ్లే దంపతులకు ఈ తేడా విడమరిచి చెప్పాలి.

వయసు గురించి తెలిసిన ఈ నిజమే పల్నాడు లాంటి చోట ఒక పెద్ద అపోహకు దారితీస్తోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29 శాతానికి పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవారు. ఇద్దరు పిల్లలు పుట్టగానే, చాలామందికి పాతికేళ్ల ప్రాయంలోనే, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోతుంది. ముప్పై అయిదు దాటి కనేవారు కొద్దిమందే. ఉదాహరణకు 30 వేల కాన్పుల్లో నూటికి మూడు, అంటే 900, ముప్పై అయిదు దాటిన తల్లులవి అనుకుందాం. సగటున 250కి ఒకటి చొప్పున వారికి పుట్టే డౌన్ పిల్లలు ముగ్గురో నలుగురో. మిగిలిన 29,100 మంది పిన్న వయసు తల్లులకు ముప్పు 1,300కు ఒకటే అయినా, వారికి పుట్టేవారు ఇరవై ఇద్దరు. విడివిడిగా చూస్తే ముప్పు ఎక్కువ పెద్ద వయసు తల్లులకే. మొత్తంగా చూస్తే పిల్లల్లో అత్యధికులు ఈ పిన్న వయసు తల్లుల బిడ్డలే. ‘చిన్న వయసే కదా, పరీక్షలెందుకు’ అన్న మాట వల్ల తప్పిపోయేది సరిగ్గా ఈ ఎక్కువ భాగమే.

పిన్న వయసు తల్లులలో పొరపాటు ఎందుకు జరుగుతుందన్న ప్రశ్నకు వినిమయంలోనే ఒక జవాబు ఉంది. అమెరికాలో టెర్రీ హాసోల్డ్, స్టెఫనీ షెర్మన్ బృందాలు జన్యు గుర్తుల సాయంతో చేసిన పరిశోధనల్లో, మొదటి విభజన తప్పిన అండాల్లో చాలావాటికి 21వ జతలో వినిమయం అసలు జరగలేదనో, క్రోమోజోమ్ కొసన మాత్రమే జరిగిందనో తేలింది. ముక్కలు మార్చుకోని జతకు పట్టు ఉండదు. ఆ వినిమయం జరిగేది తల్లి ఇంకా తన తల్లి గర్భంలో ఉన్నప్పుడు. ఇరవై రెండేళ్ల యువతి బిడ్డకు కారణమైన పొరపాటుకు బీజం ఆమె పుట్టకముందే పడి ఉండవచ్చు. అటువంటి సంగతికి ఆమెను బాధ్యురాలిని చేయడం కన్నా అన్యాయం లేదు.

అమ్మమ్మ వయసు మీద దృష్టి పడింది కూడా ఇందువల్లే. మైసూరు విశ్వవిద్యాలయానికి చెందిన మాలిని, రామచంద్ర 2006లో ప్రచురించిన అధ్యయనం, పిన్న వయసు తల్లులకు పుట్టిన డౌన్ పిల్లల విషయంలో, ఆ తల్లి పుట్టేనాటికి అమ్మమ్మ వయసు ఎక్కువగా ఉండటం ఒక కారకమని వాదించింది. దక్షిణాది కుటుంబాల మీద వచ్చిన పని కావడంతో తెలుగువారికి ఆసక్తికరమైనదే. ఇతర దేశాల్లో జరిగిన పరిశీలనలన్నీ దీన్ని బలపరచలేదు కనుక ఇది ఇంకా ప్రతిపాదన స్థాయిలోనే ఉంది.

ఇక మేనరికం. రాష్ట్రంలో ఇప్పటికీ దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్య జరుగుతున్నాయి. 1980లో కువైట్ నుంచి వచ్చిన ఒక పరిశోధన మేనరికానికీ డౌన్ సిండ్రోమ్‌కూ సంబంధం ఉందంది గానీ, తర్వాతి అధ్యయనాలు చాలావరకు ఆ మాటను నిలబెట్టలేదు. ఇద్దరి వైపు నుంచీ ఒకే లోపమున్న జన్యువు వస్తే బయటపడే జబ్బులు వేరు, క్రోమోజోమ్ విడిపోకపోవడం వేరు. పుట్టు చెవుడు, తలసీమియా, కొన్ని జీవక్రియ లోపాల ముప్పును మేనరికం పెంచుతుంది. వాటి కోసం దాన్ని మానుకోవాలని చెప్పడం సరైనదే. డౌన్ బిడ్డ పుట్టినప్పుడు మాత్రం ‘మేనత్త కొడుకుని చేసుకోబట్టే’ అనడానికి శాస్త్రంలో ఆధారం లేదు.

కుటుంబంలో నిజంగా వంశపారంపర్యంగా వచ్చే రూపం ఒకటుంది. నూటికి మూడు నాలుగు సందర్భాల్లో అదనపు 21వ క్రోమోజోమ్ విడిగా కాక మరో దానికి, ఎక్కువగా 14వ దానికి, అతుక్కుని ఉంటుంది. దీన్ని ట్రాన్స్‌లొకేషన్ అంటారు. వీరిలో కొందరి తల్లిగానీ తండ్రిగానీ పైకి పూర్తి ఆరోగ్యంతో ఉంటూనే ఆ అతుకును మోస్తుంటారు. తల్లి మోస్తుంటే తర్వాతి బిడ్డకు ముప్పు 10–15 శాతం, తండ్రి అయితే ఒకటి రెండు శాతం. 21వ జత రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ డౌన్ సిండ్రోమే. మామూలు రకమైతే, పిన్న వయసు తల్లికి మళ్లీ అదే జరిగే అవకాశం సుమారు ఒక శాతం. ఒక శాతానికీ నూరు శాతానికీ మధ్య ఏది తమ సంగతో చెప్పగలిగేది బిడ్డకు చేసే క్యారియోటైప్ (క్రోమోజోముల) పరీక్ష ఒక్కటే. రెండో బిడ్డ కోసం ఆలోచించే ప్రతి దంపతులకూ ఈ పరీక్ష కాగితం చేతికి రావాలి. హైదరాబాద్‌లో నిమ్స్ జన్యు వైద్య విభాగం, సీడీఎఫ్‌డీ, బేగంపేటలోని ఉస్మానియా విశ్వవిద్యాలయ జెనెటిక్స్ సంస్థ ఇందుకు పేరున్న చోట్లు.

తల్లి అలవాట్లలో ఎక్కువ పరిశోధన పొగాకు మీద జరిగింది. ఫలితాలు ఒకదానికొకటి పొసగవు. కొన్ని అధ్యయనాల్లో పొగతాగే తల్లులకు ముప్పు తక్కువని కూడా వచ్చింది. వయసును సరిగా లెక్కలోకి తీసుకోగానే ఆ ‘మేలు’ మాయమైంది. 1999లో అట్లాంటా పరిశోధకులు ముప్పై అయిదు లోపు తల్లులలో, గర్భం నిలిచే రోజుల్లో పొగతాగడం, గర్భనిరోధక మాత్రలు వాడటం రెండూ కలిస్తే రెండో విభజన పొరపాట్లు పెరిగినట్టు చూశారు. మన వైపు పొగతాగే స్త్రీల కన్నా పొగాకు నమిలేవారు ఎక్కువ. కోల్‌కతాలో సుజయ్ ఘోష్, సుబ్రత డే బృందం 2011లో ప్రచురించిన పని ఈ నమిలే పొగాకునే పరిశీలించి, దానికీ అండ విభజన లోపాలకూ సంబంధం ఉందని నివేదించింది. చివరిమాటగా చెప్పడానికి ఇంకా పెద్ద అధ్యయనాలు కావాలి. పొగాకు మానడానికి వేరే కారణాలు ఎలాగూ కావలసినన్ని ఉన్నాయి.

ఫోలిక్ యాసిడ్ కథ కూడా ఇలాంటిదే. 1999లో అమెరికా పరిశోధకురాలు జిల్ జేమ్స్ బృందం, ఫోలేట్‌ను వినియోగించుకునే జన్యువుల్లో తేడాలున్న తల్లులకు ముప్పు ఎక్కువని ప్రతిపాదించింది. ఆ తర్వాత భారతదేశంతో సహా ఎన్నో దేశాల నుంచి అవునని కొన్ని, కాదని కొన్ని ఫలితాలు వచ్చాయి. బిడ్డ వెన్నుపాము, మెదడు లోపాలను ఫోలిక్ యాసిడ్ తగ్గిస్తుందన్నది మాత్రం 1991 నాటికే గట్టిగా రుజువైంది. ఆ మాత్ర గర్భం నిలవకముందు నుంచే మొదలుపెట్టాలి. ఆశా కార్యకర్త మూడో నెలలో తెచ్చిచ్చేసరికి ఆలస్యమైపోతుంది. అమెరికా జాతీయ డౌన్ సిండ్రోమ్ ప్రాజెక్టు 2013లో మరో ముఖ్యమైన సంగతి బయటపెట్టింది: పేదరికంలో పెరిగిన, బతుకుతున్న తల్లులలో రెండో విభజన పొరపాట్లు ఎక్కువ. తిండి, చాకిరీ, కాలుష్యం, వీటిలో ఏది ఎంత కారణమో విడదీయలేకపోయినా, కూలి పనులకు వెళ్లే తల్లుల జిల్లాలో ఈ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు.

పరిసరాల సంగతికొస్తే రేడియేషన్ చర్చలో ఒక తెలుగు పేరు వినిపిస్తుంది. కేరళలో కొల్లం తీరపు ఇసుకలో థోరియం ఉంది. అక్కడి సహజ రేడియేషన్ మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. 1976లో ఎయిమ్స్ నుంచి కొచ్చుపిళ్లై, వర్మ, గ్రేవాల్‌లతో కలిసి, శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి ‘నేచర్’ పత్రికలో ఒక నివేదిక ప్రచురించారు. ఆ తీరంలో డౌన్ సిండ్రోమ్ ఎక్కువగా ఉందన్నది దాని సారాంశం. పోలికకు తీసుకున్న ప్రాంతంలో ఒక్క కేసూ కనబడకపోవడమే ఆ పనిలో బలహీనత అని విమర్శకులు ఎత్తిచూపారు. ఎక్కడైనా కొన్ని ఉండి తీరాలి కదా. ఆ తర్వాత భాభా అణు పరిశోధన కేంద్రం అదే తీరంలో లక్షకు పైగా కాన్పులను ఏళ్ల తరబడి నమోదు చేసింది. రేడియేషన్ మోతాదుతో పాటు డౌన్ సిండ్రోమ్ పెరిగినట్టు కనబడలేదు. హిరోషిమా, నాగసాకిలలో బాంబు దాడికి గురైన తల్లుల పిల్లల్లోనూ పెరుగుదల కనిపించలేదు. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తొమ్మిది నెలలకు, 1987 జనవరిలో, పశ్చిమ బెర్లిన్‌లో రెండు మూడు ఉండవలసిన చోట పన్నెండు కేసులు వచ్చాయి. యూరప్‌లో అంతకన్నా ఎక్కువ ధూళి పడ్డ చోట్ల అలాంటిది జరగలేదు. మాచర్ల మండలంలోని కొప్పునూరు దగ్గర యురేనియం నిక్షేపాలు గుర్తించిన నాటి నుంచి చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న భయం సహజమైనదే. తవ్వకం వల్ల నీటికి జరిగే హాని మీద గట్టిగా ప్రశ్నించాలి. డౌన్ సిండ్రోమ్‌ను మాత్రం ఆ ప్రశ్నల జాబితాలో చేర్చడానికి ఇంతవరకు ఉన్న సాక్ష్యం చాలదు.

పురుగుమందుల మాట వేరు. పత్తి, మిరప పండే పల్నాటి పల్లెల్లో మందు కొట్టడం ఏడాదిలో నెలల తరబడి సాగుతుంది. కొట్టిన రెండో రోజే ఆడకూలీలు కలుపుకో, పత్తి తీతకో అదే చేలో దిగుతారు. ఈ విషయంలో అందరూ ఉదహరించే ఘటన హంగరీలో జరిగింది. 1989–90లో ఒక పల్లెలో పుట్టిన 15 మందిలో 11 మందికి పుట్టు లోపాలు, అందులో నలుగురికి డౌన్ సిండ్రోమ్. జన్యు వైద్యుడు ఎండ్రె త్సైజెల్ బృందం 1993లో ‘లాన్సెట్’ పత్రికలో, చేపల చెరువుల్లో మోతాదు మించి వాడిన ట్రైక్లోర్‌ఫాన్ అనే మందునూ, ఆ చేపలను తల్లులు తినడాన్నీ కారణంగా చూపింది. ట్రైక్లోర్‌ఫాన్ ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందు. పత్తి చేలలో వాడుతూ వచ్చిన మోనోక్రోటోఫాస్, క్లోరోపైరిఫాస్ అదే కుటుంబానివి. అయినా ఒక్క పల్లె ఘటన సాధారణ సూత్రం కాదు. వ్యవసాయ కార్మికుల మీద జరిగిన తర్వాతి పరిశీలనలు డౌన్ సిండ్రోమ్ విషయంలో స్థిరమైన ఫలితం ఇవ్వలేదు. పరిసరాల కారకాలలో గట్టి పరిశోధనకు నోచుకోవలసింది ఏదైనా ఉంటే అది ఇదే. పల్నాడు లాంటి జిల్లాయే అందుకు తగిన చోటు.

ఫ్లోరైడ్ మీది అనుమానానికి జవాబు దొరికింది. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో మన దేశపు తొలి ఫ్లోరోసిస్ కేసులు నమోదయ్యాయి. వినుకొండ, బొల్లాపల్లి వైపు బోరు నీళ్లకు ఈ బెడద ఇంకా ఉంది. 1950ల చివర అమెరికాలోని విస్కాన్సిన్‌లో అయోనెల్ రాపపోర్ట్, ఫ్లోరైడ్ ఎక్కువున్న పట్టణాల్లో డౌన్ సిండ్రోమ్ ఎక్కువన్నాడు. 1974లో మసాచుసెట్స్ కాన్పుల లెక్కలు, ఆ తర్వాత వచ్చిన ఇతర అమెరికన్ లెక్కలు ఆ వాదనను తోసిపుచ్చాయి. ఫ్లోరైడ్ నీళ్లు పళ్లను, ఎముకలను పాడుచేస్తాయి, వాటిని మార్చి తీరాలి. క్రోమోజోములతో వాటికి సంబంధం తేలలేదు. ప్లాస్టిక్‌లోని బిస్ఫినాల్-ఏ ఆడ ఎలుకల అండాల్లో క్రోమోజోముల అమరికను చెడగొడుతుందని 2003లో ప్యాట్రీషియా హంట్ చూపింది. మనుషుల్లో అది డౌన్ సిండ్రోమ్‌కు దారితీస్తుందని రుజువు కాలేదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పొగ, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. వాటిని ఈ లెక్కలోకి తేవడానికి ఆధారం లేదు.

ఒక మండలంలో ఒకే ఏడు ముగ్గురు డౌన్ పిల్లలు పుడితే ఊరు ఉలిక్కిపడుతుంది. పత్రికలూ కారణం వెతుకుతాయి. పల్నాడులో మండలాలు 28. మండలానికి ఏడాదికి సగటున ఒక్కరు చొప్పున పుట్టే చోట, ఏ కారణమూ లేకుండానే ఏటా ఒకటి రెండు మండలాల్లో ముగ్గురు లేదా అంతకు మించి కనబడతారని సంభావ్యత గణితం చెబుతుంది. మరుసటి ఏడు అది మరో మండలం కావచ్చు. అందువల్ల పరిసరాల మీద నేరం మోపాలన్నా, దాన్ని నిర్దోషిగా వదలాలన్నా దారి ఒక్కటే: పుట్టు లోపాలను ప్రతి కాన్పుకూ, తల్లి వయసుతో సహా, చాలా ఏళ్లపాటు నమోదు చేయడం. నిలవని గర్భాలనూ లెక్కించాలి. మూడో నెల దాటిన డౌన్ గర్భాలలో సుమారు 30 శాతం కాన్పు దాకా నిలవవు. పుట్టినవారిని మాత్రమే లెక్కపెడితే, గర్భాన్ని పోగొట్టే విషం కూడా ‘ముప్పు తగ్గించేది’గా కనబడుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే పుట్టు లోపాల జాబితాలో డౌన్ సిండ్రోమ్ ఉంది. ఆ రికార్డును తల్లి వయసుతో, ఆమె చేసే పనితో కలిపి రాస్తే రిజిస్టరుకు పునాది పడుతుంది.

గర్భంలో కనిపెట్టే మార్గాలు ఇప్పుడు బాగా స్థిరపడ్డాయి. 11 నుంచి 14 వారాల లోపు ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ రక్తపరీక్ష కలిపి చేస్తే పదిలో ఎనిమిది తొమ్మిది కేసులు అనుమానంలోకి వస్తాయి. పదో వారం తర్వాత తల్లి రక్తంలోని డీఎన్ఏతో చేసే ఎన్ఐపీటీ దాదాపు 99 శాతం పట్టగలదు, ఖరీదు మాత్రం ఎక్కువ. వీటిలో ఏదీ నిర్ధారణ కాదు. నిర్ధారణకు ఉమ్మనీటి పరీక్ష లాంటిది కావాలి. ఐదో నెలలో అందరూ చేయించుకునే టిఫా స్కాన్ ఒక్కటే నమ్ముకుంటే చాలామంది తప్పిపోతారు. 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం క్రోమోజోమ్ లోపాల కోసం పరీక్షలను అనుమతిస్తూ, అందుకు అర్హతల్లో తల్లి వయసు 35 దాటడాన్ని, రేడియేషన్‌కూ రసాయనాలకూ గురికావడాన్ని పేర్కొంది. 2021 సవరణ తర్వాత గర్భవిచ్ఛిత్తి చట్టం తీవ్రమైన పిండ లోపాల విషయంలో 24 వారాలు దాటినా వైద్య మండలి అనుమతికి వీలిచ్చింది. పరీక్ష ఫలితం తెలిశాక బిడ్డను కనాలా వద్దా అన్నది ఆ దంపతుల నిర్ణయం. దానికి ముందు, డౌన్ పిల్లలు ఎలా పెరుగుతారో, సగం మందికి దగ్గరగా ఉండే గుండె లోపాలను చాలావరకు ఆపరేషన్‌తో సరిచేయవచ్చని, ధనిక దేశాల్లో వీరు అరవై ఏళ్ల దాకా బతుకుతున్నారని ఓపికగా చెప్పేవారు ఉండాలి.

అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2007లోనే ముప్పై అయిదు గీతను చెరిపేసి, వయసుతో పనిలేకుండా ప్రతి గర్భిణికీ ఈ స్క్రీనింగ్ అందుబాటులో ఉంచాలని నిర్దేశించింది. తల్లులు ఇరవైల్లోనే పిల్లలను కనే పల్నాటిలో ఆ నిర్దేశం మరింత అవసరం. మాచర్ల, గురజాల, వినుకొండ గర్భిణులు అంత దూరం గుంటూరు పోనక్కరలేకుండా, మూడో నెల చెకప్‌లోనే ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ ఉచితంగా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో జరగాలి.